బిజినెస్ స్కూల్ పూర్వ విద్యార్థుల ఉచిత సలహా సేవ: మా థెరపీ కేంద్రం ఆరు నెలల అనుభవం

ఖమ్మంలో సెరిబ్రల్ పాల్సీ (మెదడుకు జరిగిన నష్టం వల్ల కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లల కోసం నడుస్తున్న ఒక చిన్న థెరపీ కేంద్రానికి నేను పన్నెండేళ్లుగా కార్యదర్శిగా ఉన్నాను. 2023 ఆగస్టు నుంచి 2024 జనవరి చివరి వరకు ఒక పేరున్న బిజినెస్ స్కూల్ పూర్వ విద్యార్థులు ఐదుగురు తమ ఉద్యోగాలు చేసుకుంటూనే మా కేంద్రానికి ఒక్క రూపాయి తీసుకోకుండా సలహాదారులుగా పనిచేశారు. ఆ స్కూలు తెలుగు రాష్ట్రాలలోది కాదు. దాని పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం ఉంది. నేను చెప్పబోయే లోపాలు ఆ ఐదుగురివి అనడం కంటే ఈ పద్ధతిలోనే ఉన్నవి అనడం న్యాయం, పేరు రాస్తే అవి ఆ ఐదుగురి మీదికే పోతాయి. ఇలాంటి సేవ తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న చిన్న సంస్థల వారు నన్ను తరచూ అడుగుతున్నారు కనుక, మాకు ఏం అందింది, ఏం అందలేదు, మా వైపు నుంచి ఎంత శ్రమ పడింది అన్నది వివరంగా రాస్తున్నాను. మార్కులు వేయమంటే ఐదుకు నాలుగు వేస్తాను. ఆ నాలుగూ వారి నివేదికకు కాదు, నివేదిక తయారయ్యే లోపల వారు మమ్మల్ని అడిగిన ప్రశ్నలకు.

ముందు ఈ సేవ ఏమిటో తెలియని వారి కోసం కొంత. ఫీజు తీసుకోకుండా ప్రజాహితం కోసం వృత్తి నైపుణ్యాన్ని ఇవ్వడాన్ని ప్రో బోనో అంటారు. ఇది లాటిన్ మాట, న్యాయవాద వృత్తి నుంచి వచ్చింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూల్ పూర్వ విద్యార్థులు 1980లలోనే అలుమ్నై కన్సల్టింగ్ టీమ్ పేరుతో స్వచ్ఛంద సంస్థలకు ఇలా బృందాలుగా పనిచేయడం మొదలుపెట్టారు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పూర్వ విద్యార్థుల క్లబ్బులు కమ్యూనిటీ పార్ట్‌నర్స్ పేరుతో ఇదే పని చేస్తున్నాయి. 2001లో శాన్ ఫ్రాన్సిస్కోలో ట్యాప్‌రూట్ ఫౌండేషన్, వాషింగ్టన్‌లో కంపాస్ దీనినే ఒక పద్ధతి ప్రకారం నడిపే సంస్థలుగా మొదలయ్యాయి. మన దేశంలోనూ పెద్ద మేనేజ్‌మెంట్ స్కూళ్ల పూర్వ విద్యార్థులు నగరాలవారీగా ఇటువంటి బృందాలు కడుతున్నారు. అన్నిచోట్లా చట్రం దాదాపు ఒకటే: సంస్థ దరఖాస్తు పెడుతుంది, సమస్య ఏమిటో ఇద్దరూ కలిసి తేలుస్తారు, ఒప్పంద పత్రం మీద సంతకాలు అవుతాయి, నలుగురైదుగురు వారానికి కొన్ని గంటల చొప్పున కొన్ని నెలలు పనిచేస్తారు, చివరికి సంస్థ పాలకవర్గం ముందు తమ సిఫారసులు చెబుతారు.

మా దరఖాస్తు ఫారంలో మూడేళ్ల ఆడిట్ లెక్కలు, పాలకవర్గం తీర్మానం, ఆరు నెలలూ తమతో మాట్లాడే ఒక వ్యక్తి పేరు అడిగారు. మా సమస్య ఏమిటన్న గడిలో నేను నిధుల సేకరణ అని రాశాను. ఏ చిన్న సంస్థ అయినా అదే రాస్తుంది, ఎందుకంటే నెల చివర జీతాలు ఇచ్చేటప్పుడు మనకు కనబడేది అదొక్కటే.

మొదటి వీడియో సమావేశంలో బృందానికి నాయకత్వం వహిస్తున్న ఆయన (బెంగళూరులో పనిచేస్తారు, కన్నడిగులు) నన్ను ఒక ప్రశ్న అడిగారు. "మేడం, రేపు పొద్దున మీ ఖాతాలో 20 లక్షలు పడ్డాయనుకోండి, ఎల్లుండి నుంచి మీరు ఏం మారుస్తారు?" ఇంకో ఫిజియోథెరపిస్టును పెట్టుకుంటాం, ఇంకా ఎక్కువ మంది పిల్లలను చేర్చుకుంటాం అన్నాను. ఇప్పుడు చేరిన పిల్లలలో ఇవాళ ఎంతమంది వచ్చారని అడిగారు. నలభై మంది దాకా వచ్చి ఉంటారన్నాను. ఆ రోజు హాజరు పట్టీ ఫోటో తీసి పంపగలరా అని అడిగితే అక్కడికక్కడే తీయించి పంపాను. అందులో 26 మంది ఉన్నారు.

పన్నెండేళ్లుగా ఆ గదుల మధ్యే తిరుగుతున్న మనిషిని నేను. ఆ రాత్రి పాత పట్టీలు తీసి చూస్తూ కూర్చున్నాను. మా కేంద్రంలో అప్పటికి 52 మంది పేర్లు ఉన్నాయి. వారిలో కొందరు వారానికి రెండు రోజులు వస్తే చాలు, రోజూ రావలసినవారు 45 మంది. సగటున వస్తున్నది 29 మంది. రాని పిల్లవాడి గడిలో మేము ఎర్ర సిరాతో చిన్న సున్నా చుడతాం. ఏ పుట తిప్పినా ఎర్ర సున్నాలే కనబడుతున్నాయి. వాటిని రోజూ చుట్టింది మేమే, కానీ అన్నిటినీ ఒకచోట పెట్టి ఎవరమూ చూడలేదు.

వారు వేసిన తొలి లెక్క ఇంకా సూటిగా ఉంది. పిల్లల భోజనం కాక జీతాలు, అద్దె, కరెంటు అన్నీ కలిపి మాకు నెలకు 1,62,000 రూపాయలు ఖర్చవుతుంది. నెలకు 24 పనిదినాలు. రోజుకు 29 మంది వస్తే ఒక బిడ్డకు ఒక రోజు థెరపీ ఖర్చు 233 రూపాయలు పడుతుంది. రావలసిన 45 మందీ వస్తే అదే ఖర్చు 150 రూపాయలకు దిగుతుంది. అంటే దాతల దగ్గరికి వెళ్లే ముందే చక్కదిద్దుకోవలసిన పని మా గుమ్మంలో ఉంది. ఒప్పంద పత్రంలో నిధుల సేకరణ రెండో స్థానానికి వెళ్లింది. మొదటి స్థానంలో ఒకే ప్రశ్న నిలిచింది: రావలసిన పిల్లలు ఎందుకు రాలేకపోతున్నారు, వారిని రప్పించడానికి ఎంత అవుతుంది? వెబ్‌సైటు చేయం, లోగో గీయం, దాతలను పరిచయం చేయం అని కూడా అందులోనే రాశారు. వెబ్‌సైటు చేయం అని వారు అన్నందుకు అప్పట్లో నేను నొచ్చుకున్నాను. ఇప్పుడు చూస్తే ఈ సేవలో అన్నిటికంటే విలువైన భాగం ఆ మొదటి మూడు వారాలే అనిపిస్తుంది. ఏ పని చేయకూడదో ముందే తేల్చుకోవడం మా వంటి సంస్థలకు అలవాటు లేదు, ఎవరు ఏది ఇస్తామన్నా కాదనలేని స్థితిలో ఉంటాం.

రెండేళ్ల హాజరు పట్టీలను మా అకౌంటెంటు అమ్మాయి ఫోన్‌తో ఫోటోలు తీసి పంపింది. బృందంలో ఇద్దరు తెలుగువారు, ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు న్యూజెర్సీలో ఉంటారు. మా చేతిరాతలోని పేర్లు చదివి, ఒక్కొక్క ఎర్ర సున్నానూ ఎక్సెల్‌లోకి ఎక్కించింది ఆ ఇద్దరే. అంత చదువు, అంత జీతం ఉన్నవారు రాత్రి పదకొండు గంటలకు మా ఊరి పిల్లల హాజరు ఎక్కిస్తూ కూర్చోవడం చూసినప్పుడు వారి మీద నాకు నమ్మకం కుదిరింది.

సెప్టెంబరులో ఒక శనివారం ముగ్గురు సూర్యాపేట మీదుగా కారులో మా కేంద్రానికి వచ్చారు. ల్యాప్‌టాప్‌లో గ్రాఫు చూపించారు. రెండేళ్లలోనూ హాజరు అక్టోబరు నుంచి పడిపోతోంది, సంక్రాంతికి కాస్త లేచి మళ్లీ మార్చి దాకా పడుతోంది. చలికాలంలో ఈ పిల్లలకు ఛాతీలో కఫం పట్టడం ఎక్కువ కనుక అనారోగ్యమే కారణమని వారు అనుకున్నారు. నేనూ అదే అన్నాను. పక్కనే ఒక బాబును ఒళ్లో పెట్టుకుని రాగిజావ తాగిస్తున్న మా ఆయమ్మ ఆ గీత వైపు చూసి, "చలికి కాదు సార్, తల్లులు పత్తి తీయటానికి పోతారు. అది కాగానే మిరపకోతలు" అంది.

ఆ గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఖమ్మం చుట్టూ పత్తి, మిరప పండుతాయని మాకు తెలియదా? పత్తి తీతకు కిలో లెక్కన కూలి ఇస్తారు, ఎంత ఎక్కువ తీస్తే అంత ఎక్కువ వస్తుంది కనుక ఆ రోజులలో ఏ తల్లీ ఒక పూట కూడా వదులుకునే స్థితిలో ఉండదు. తెలిసిన ఆ సంగతినీ, మా పట్టీలోని సున్నాలనూ మేము ఎన్నడూ కలిపి చూడలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆయన ల్యాప్‌టాప్ మూసి, ఆయమ్మ ఎదురుగా కింద కూర్చుని, ఏ ఊరి నుంచి ఎవరు వస్తారు, ఏ తల్లి ఏ పనికి పోతుంది అని గంటన్నర రాసుకున్నారు. సలహాదారు అనే మాటకు నాకు అర్థం తెలిసింది ఆ గంటన్నరలోనే.

తరువాత తెలుగు వచ్చిన ఆ ఇద్దరూ 31 మంది తల్లులతో ఫోనులో మాట్లాడారు. పగలు చేస్తే ఎవరూ ఎత్తరని, వంటలు అయ్యాక రాత్రి ఎనిమిది తరువాత చేశారు. కూలి పోవడం, బస్సు టికెట్టు, ఆటో ఖర్చు, ఇంట్లో చంటిబిడ్డ ఉండటం అనే కారణాలు మేము ఊహించినవే. ఊహించనిది ఒకటి బయటపడింది. హాజరును పిల్లల వయసు ప్రకారం పేర్చి చూస్తే ఎనిమిదేళ్లు దాటిన పిల్లలే ఎక్కువగా రావడం లేదు. వారి పరిస్థితి మెరుగైందని, అందుకే తల్లులు మానిపిస్తున్నారని మేము అనుకునేవాళ్లం. నేలకొండపల్లి వైపు నుంచి వచ్చే ఒక తల్లి ఫోనులో చెప్పిన కారణం వేరు. "బాబు బరువు పెరిగాడు మేడం, బస్టాండు నుంచి మీ దగ్గరికి ఎత్తుకుని నడవలేకపోతున్నాను."

దీనికి పరిష్కారం ఎంత చిన్నదంటే చెప్పడానికే సంకోచంగా ఉంటుంది. మా దగ్గర వాడకుండా పడి ఉన్న రెండు వీల్‌చైర్లను బాగుచేయించి, రోజూ ఉదయం ఆయమ్మతో బస్టాండుకు పంపడం మొదలుపెట్టాం. మొదటి నెలలోనే పెద్ద పిల్లలు ఆరుగురు మళ్లీ రాసాగారు.

రవాణా మీద బృందం చేసిన పని గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అందులో వారి నిజాయితీ కనబడింది. పాత వ్యాన్ ఒకటి కొని బోనకల్ వైపు ఒకటి, కూసుమంచి వైపు ఒకటి, రెండు మార్గాలలో తిప్పితే డీజిలు, డ్రైవరు జీతం, బీమా, మరమ్మతులు ఎంతవుతాయో నవంబరు చివరికి లెక్కలన్నీ కట్టారు. ఆ అధ్యాయం దాదాపు పూర్తయింది. డిసెంబరు 9న రాష్ట్రంలో మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. చేసిన పనిని వదులుకోలేక వ్యాన్ సిఫారసును అలాగే ఉంచేవారు చాలామంది ఉంటారు. వీరు దానిని పక్కన పెట్టి, నాలుగు వారాల హాజరు చూసిన తరువాతే మాట్లాడతామన్నారు. బస్సు నేరుగా వచ్చే ఊళ్ల నుంచి పత్తి కాలంలో కూడా హాజరు కొంత పెరిగింది. బస్సు లేని ఊళ్ల నుంచి ఏమీ మారలేదు. ఉదయం బస్సులు కిక్కిరిసిపోవడంతో పెద్ద పిల్లలను ఎక్కించడం కష్టమవుతోందని కూడా తల్లులు చెప్పారు. చివరికి వ్యాన్ వద్దు, బస్సు లేని రెండు ఊళ్లకు నెలవారీ ఆటో మాట్లాడండి, పెద్ద పిల్లల థెరపీ సమయాన్ని రద్దీ తగ్గాక 11 గంటలకు మార్చండి అని సిఫారసు చేశారు. మాకు కొన్ని లక్షలు మిగిలాయి.

పిల్లల ప్రగతిని కొలిచే విషయంలో మాత్రం వారికి, మా ఫిజియోథెరపిస్టుకు గట్టిగానే వాదన జరిగింది. దాతలకు ఇచ్చే కార్డు మీద నడక నేర్చుకున్న పిల్లలు ఇంత శాతం అని వేయాలని వారు ప్రతిపాదించారు. ఈ పిల్లల కదలిక సామర్థ్యాన్ని జీఎంఎఫ్‌సీఎస్ అనే పద్ధతిలో అయిదు స్థాయిలుగా గుర్తిస్తారు. మొదటి స్థాయి పిల్లలు పెద్దగా సాయం లేకుండానే నడుస్తారు, అయిదో స్థాయి పిల్లలకు తల నిలపడమే కష్టం. అయిదో స్థాయి పాప పది నిమిషాలు ఆసరాతో కూర్చుని తల నిలిపి అన్నం తిన్నదంటే అది ఏడాది కష్టం, కానీ శాతాల లెక్కలో ఆ పాప సున్నా కిందికి వస్తుంది, అప్పుడు నడవగలిగే పిల్లలనే చేర్చుకోవాలన్న ఒత్తిడి మా మీద మొదలవుతుంది అని మా థెరపిస్టు చెప్పింది. ఆమె వయసు 27 ఏళ్లు. ఎదుట ఉన్నవారిలో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారు ఉన్నారు. వారు విన్నారు, ఆ శాతాన్ని తీసేశారు. వినే గుణం లేని బృందం వచ్చి ఉంటే మా కేంద్రానికి అక్కడే నష్టం జరిగేది.

ఇక డబ్బు సంగతి. మా వంటి కేంద్రాలు నడిపేవారికి అందరికీ తెలిసిన విషయమే ఇది: పుట్టినరోజుకు, పెళ్లిరోజుకు, పెద్దల వర్ధంతికి పిల్లలకు భోజనం పెట్టిస్తామని వచ్చేవారు చాలామంది ఉంటారు, థెరపిస్టు జీతానికి ఇస్తామనేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరు. రెండేళ్ల రసీదు పుస్తకాలు చూసి బృందం తేల్చింది ఏమిటంటే మాకు వచ్చే రసీదులలో సగానికి పైగా భోజనాలవే, కొన్ని తేదీలలో ఒకే రోజుకు ఇద్దరు దాతలు ఉన్నారు, చాలావరకు 3,000 రూపాయలు నగదుగా ఇచ్చినవి. 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి అప్పటి ఆదాయపు పన్ను చట్టం 80జి సెక్షన్ కింద దాతకు మినహాయింపు వచ్చేది కాదు, బియ్యం బస్తాల వంటి వస్తు రూపంలో ఇచ్చినదానికీ వచ్చేది కాదు. ఈ సంగతి మా దాతలలో చాలామందికి తెలియదు, మేమూ చెప్పలేదు. రసీదు పుస్తకం పక్కన ఒక క్యూఆర్ కోడ్ పెట్టడంతో ఆ ఇబ్బంది తీరింది.

భోజనం బదులు, ఒక బిడ్డకు ఒక నెల థెరపీ 3,600 రూపాయలు అని కార్డు వేయమన్నారు. రోజుకు 150 చొప్పున 24 రోజులు, అదీ ఆ అంకె వెనుక లెక్క. భోజనం బదులు అన్న మాట దగ్గర నేను ఒప్పుకోలేదు. మన దగ్గర అన్నం పెట్టడం ఒక సంస్కారం. ప్రతి ఏటా భార్య వర్ధంతికి వచ్చి, పిల్లల పక్కన కూర్చుని, స్వయంగా నెయ్యి వడ్డించి వెళ్లే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి నేను ఈ కార్డు చేతిలో పెట్టి భోజనం వద్దండి అని చెప్పలేను. రెండు వారాలు దీని మీదే మాట్లాడుకున్నాం. చివరికి భోజనం అలాగే ఉంచి, వడ్డించడానికి వచ్చిన దాతను ఒక బిడ్డ థెరపీ జరిగే గదిలో పావుగంట కూర్చోబెట్టాలని, కార్డు ఆ తరువాతే ఇవ్వాలని అనుకున్నాం. స్టాండింగ్ ఫ్రేములో నిలబడ్డ బిడ్డను చూసిన తరువాత ఆ ఉపాధ్యాయుడే రెండు నెలల థెరపీకి ఇచ్చారు. ఈ మార్పు వారూ మేమూ కలిసి చేసింది. వారి సిఫారసు ఒక్కటే అయితే దాతలు దూరమయ్యేవారు, మా పాత పద్ధతి ఒక్కటే అయితే ఇప్పటికీ కొన్ని రోజులు రెండో భోజనం వృథా అయ్యేది.

ఇంకొక మేలు మాకు అనుకోకుండా జరిగింది. అంతకు ముందు ఏడాది ఒక కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద కంపెనీలు పెట్టే ఖర్చు) విభాగం వారు మా దరఖాస్తును తిప్పి పంపుతూ, సంస్థ జీతాలు, అద్దె కలిపి 5 శాతం మించకూడదని రాశారు. థెరపీ కేంద్రంలో జీతాలు తప్ప ఖర్చు ఇంకేముంటుంది? బృందంలో ఫైనాన్స్ చూసే సభ్యురాలు 2021 జనవరిలో సవరించిన సీఎస్ఆర్ నియమాలను తీసి చూపించారు. అందులోని 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే పరిపాలనా ఖర్చుకు సంబంధించినది, ఒక కార్యక్రమాన్ని అమలుచేయడానికి నేరుగా అయ్యే ఖర్చు ఆ నిర్వచనంలోకి రాదు. మరుసటి దరఖాస్తులో థెరపిస్టుల జీతాలను కార్యక్రమ ఖర్చుగా చూపించి, ఆ నియమాన్ని ఉటంకించాం. ఈసారి ఒక థెరపిస్టు జీతం మంజూరైంది. చిన్న సంస్థలు నడిపేవారందరూ ఆ నియమాన్ని ఒకసారి స్వయంగా చదవాలని కోరుతున్నాను.

లోపాలు కూడా అంతే వివరంగా చెప్పాలి. ఉచితం అన్న మాట వారి వైపు నుంచి నిజమే, మా వైపు నుంచి కాదు. వారు అడిగిన లెక్కలు తీయడానికి, సమావేశాలకు, సందేహాలకు జవాబులు రాయడానికి నేనూ మా అకౌంటెంటూ కలిసి పెట్టిన సమయం నా నోటు పుస్తకం ప్రకారం 190 గంటలు. వారికి వీలయ్యేది రాత్రులూ ఆదివారాలే కనుక మా ఆదివారాలూ పోయాయి. కొద్దిమంది సిబ్బంది ఉన్న సంస్థకు ఇది భారమే. మూడో నెలలో ఒక సభ్యుడు ఉద్యోగం మారి, చెప్పకుండానే రావడం మానేశారు. దాతల విశ్లేషణ ఆయన చేతిలో ఉండటంతో అయిదు వారాలు అది కదలలేదు. జీతం లేని పనిలో ఎవరినీ నిలదీయలేం, కానీ వెళ్లేవారు తమ పనిని ఇంకొకరికి అప్పగించి వెళ్లాలన్న నియమం ఒప్పందంలో ఉండి తీరాలి.

దాతలు ఎంత పెరుగుతారన్న వారి అంచనా కూడా ఎక్కువైంది. 80జి మినహాయింపును ఆకర్షణగా చూపి నగర ఉద్యోగుల నుంచి ఇంత వస్తుందని వేశారు. 2023-24 నుంచి ఉద్యోగి ప్రత్యేకంగా పాతది ఎంచుకోకపోతే కొత్త పన్ను విధానమే వర్తిస్తుందని, అందులో ఉన్న ఉద్యోగికి 80జి మినహాయింపు లేదని మా ఆడిటర్ గుర్తుచేసేదాకా అది వారికి తట్టలేదు. జీతాల పోలికలు బెంగళూరు, ముంబై సంస్థలవి తెచ్చారు, ఖమ్మంలో స్పీచ్ థెరపిస్టు దొరకడమే ఎంత కష్టమో వాటిలో కనబడదు. సదరం సర్టిఫికెట్టు (వైకల్య ధ్రువీకరణ పత్రం) అంటే ఏమిటో, భవిత కేంద్రాలంటే (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం విద్యాశాఖ మండలాలలో నడిపేవి) ఏమిటో మొదటి రెండు నెలలు మేమే చెప్పవలసి వచ్చింది. అందులో తప్పు పట్టను, వారు అడిగి తెలుసుకున్నారు. అయితే పెద్ద సిఫారసు చివరికి వచ్చింది అక్కడి నుంచే: పత్తి, మిరప పనుల కాలంలో పిల్లలను ఖమ్మం రప్పించే బదులు మా థెరపిస్టే వారానికి రెండు రోజులు మండలాలలోని భవిత కేంద్రాలకు వెళ్లాలి.

నాకు మిగిలిన అసంతృప్తి అక్కడే మొదలవుతుంది. జనవరి చివరి ఆదివారం మా పాలకవర్గం ముందు 64 స్లైడ్లు ఇంగ్లీషులో చూపించారు. చప్పట్లు కొట్టాం, ఫోటోలు దిగాం, వారు వెళ్లిపోయారు. భవిత కేంద్రాలకు వెళ్లడానికి విద్యాశాఖ అనుమతి కోసం మేము తిరగడం మొదలుపెట్టింది ఆ తరువాత. నాలుగు నెలలు పట్టింది. మండలాలకు వెళ్లే రోజులలో ఇక్కడి పిల్లలను ఎవరు చూడాలి, ప్రయాణ భత్యం ఎంత, వర్షాకాలంలో ఏం చేయాలి అన్న ప్రశ్నలు అన్నీ అప్పుడు వచ్చాయి, అడగడానికి ఎవరూ లేరు. నాయకుడిగా ఉన్న ఆయన తన మంచితనం కొద్దీ ఫోను ఎత్తేవారు, కానీ ఆ సేవలో అది భాగం కాదు. ఆ 64 స్లైడ్లలో మాకు పనికివచ్చినవి ఆరు. వాటిని నేనే తెలుగులో నాలుగు పేజీలుగా రాసి మా సిబ్బందికి, తల్లుల సంఘానికి ఇచ్చాను. పిల్లల తల్లులు ఫోనులో చెప్పిన మాటల మీదే నిలబడ్డ నివేదికను ఆ తల్లులే చదవలేకపోవడం నాకు బాధ కలిగించింది.

ఎవరు ఈ సేవ తీసుకోవచ్చని అడిగితే, రెండు మూడేళ్ల లెక్కలూ పట్టీలూ కాగితం మీదైనా సరిగ్గా ఉన్నవారు, ఆరు నెలలు ఒక మనిషిని దీనికే కేటాయించగలిగినవారు తీసుకోవాలి అంటాను. వచ్చే నెల జీతాలకు దిక్కులేని స్థితిలో ఉన్నవారు తీసుకోవద్దు, వీరు ఆ మంట ఆర్పలేరు, మీ గంటలు కూడా పోతాయి. దరఖాస్తులో బృందంలో కనీసం ఇద్దరికి తెలుగు రావాలని అడగండి. మొదటి నెలలోనే వారిని మీ ఊరికి రప్పించండి, మీ కార్యాలయంలో కాకుండా మీ ఆయమ్మ పక్కన కూర్చోబెట్టండి.

నేను నా అభిప్రాయాలన్నీ ఆ పూర్వ విద్యార్థుల సంఘానికి లేఖగా రాసి పంపాను. తుది సమావేశం అయిదో నెలలో పెట్టి, ఆరో నెలను సిఫారసుల అమలుకు వదలాలని, ఆ తరువాత మూడు నెలలు గడిచాక ఒకసారి, ఆరు నెలలు గడిచాక ఇంకోసారి మళ్లీ కూర్చోవాలని, తెలుగులో నాలుగు పేజీల సారాంశం ఇవ్వకుండా పని పూర్తయినట్టు లెక్కించకూడదని కోరాను. మా తరువాత ఈ సేవ తీసుకున్న వరంగల్‌లోని ఒక సంస్థ కార్యదర్శి తన ఒప్పంద పత్రం నాకు చూపించారు. తరువాతి రెండు సమావేశాల తేదీలు అందులో ఉన్నాయి. తెలుగు సారాంశం మాట ఇంకా చేరలేదు, దాని గురించి మళ్లీ రాశాను.